నీళ్ళ దారిలో ఉచ్చు: ఇటలీలో ఎక్కడ తినాలో మేం వెతికాం

పోస్టు కొంచెం పొడుగే. తీరిక చూసుకుని చదవండి గానీ సగంలో ఆపొద్దు, అసలు సంగతి చివర్లో ఉంది.

మేము ఆరుగురం. విశాఖలో టూరిజం డిగ్రీ రెండో సంవత్సరం. నలుగురం ట్రైబల్ వెల్ఫేర్ హాస్టల్లో ఒకే గది, ఇద్దరు గర్ల్స్ హాస్టల్. అరకు, పాడేరు, హుకుంపేట, ముంచంగిపుట్టు వైపు ఊళ్ళు మావి. ఆరు ఇళ్ళలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పాస్‌పోర్టు ఒక్కరికీ లేదు. అలాంటి మాకు ఈ సెమిస్టర్లో వచ్చిన ప్రాజెక్టు ఏంటంటే, హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం పది రోజులు ఇటలీ వెళ్తోంది అనుకోండి, వాళ్ళు టూరిస్టుల కోసం పన్నిన వలలో పడకుండా అసలైన ఇటలీ భోజనం ఎక్కడ, ఎలా తినాలో చెప్పాలి.

మిగతా టీముల వాళ్ళు ఫోన్లు తీసి టాప్ టెన్ జాబితాలు, స్టార్లు, రివ్యూలు ఏరుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఒకరిద్దరి ఇళ్ళవాళ్ళు యూరప్ తిరిగొచ్చిన వాళ్ళు కూడా. మేం మాత్రం మొదటి రోజు ఏం రాయాలో తెలీక కూర్చున్నాం. అప్పుడు మాలో ఒకడన్నాడు, "ఒరే, టూరిస్టు అంటే మనకి తెలీకపోవచ్చు, టూరిస్టుని పట్టడం మాత్రం మన ఊళ్ళో రోజూ చూస్తున్నాం కదరా" అని. అక్కడి నుంచి పని నడిచింది.

మన తాతలకు తెలిసిన విషయమే ఇది. ఉచ్చు ఎప్పుడూ అడవి మధ్యలో పెట్టరు. జంతువు నీళ్ళకు దిగే దారిలో పెడతారు. ఎందుకంటే అది ఎలాగూ అటే వస్తుంది, దప్పికతో వస్తుంది, చుట్టూ చూడకుండా వస్తుంది. రోమ్‌లో ట్రెవీ ఫౌంటెన్ అని ఉంది, అందరూ వెనక్కి తిరిగి నాణెం వేస్తారే, అదే. దాని చుట్టుపక్కల, కొలోసియం ఎదురుగా, పాంథియన్ ముందున్న చౌకులో, వెనిస్‌లో సెయింట్ మార్క్స్ చౌకు పక్కన ఉన్న హోటళ్ళు ఎక్కువగా ఇలా నీళ్ళ దారిలో కూర్చున్నవే. మంచి హోటల్ అక్కడ ఒక్కటీ ఉండదని కాదు. కానీ అక్కడి హోటలుకి రుచితో పని లేదు. ఇవాళ తిన్నవాడు మళ్ళీ జన్మలో రాడు, రేపటికి కొత్తవాడు వస్తాడు. మన బొర్రా గుహల మెట్ల దగ్గర టీ కొట్టుకీ, మీ ఊరి టీ కొట్టుకీ తేడా ఏంటో ఆలోచించండి. మీ ఊరి టీ కొట్టాయన టీలో నీళ్ళు కలిపితే మర్నాడు పొద్దున మీరే అడుగుతారు. మళ్ళీ వచ్చే మనిషి ఉన్నచోటే వంట నిజాయితీగా ఉంటుంది. మా ప్రాజెక్టులో మొదటి సూత్రం ఇదే రాశాం.

మాకు ఒక సీనియర్ అన్న ఉన్నాడు, మన ఏజెన్సీ మనిషే. క్రూయిజ్ ఓడ కిచెన్‌లో పనిచేస్తాడు. ఓడ చివితవెక్కియా రేవులో ఆగి, డ్యూటీ లేకపోతే, రైలెక్కి రోమ్ వెళ్ళొస్తాడు. ఆయన్ని వాయిస్ మెసేజీల్లో వేధించి విషయాలు రాబట్టాం. మిగతావి లైబ్రరీలో, వీడియోల్లో, అక్కడి వంట పుస్తకాల్లో చూసి సరిపోల్చుకున్నాం.

ఉచ్చు గుర్తులు ఇవీ. హోటల్ ముందు ఒక మనిషి నిలబడి రండి రండి అని చెయ్యి పట్టుకున్నంత పని చేస్తాడు. రోమ్‌లో ఆ పనికి పేరే ఉంది, బుత్తాదెంత్రో, అంటే లోపలికి తోసేవాడు. జనం ఉన్న హోటలుకి తోసేవాడితో పనేముంది? రెండోది, మెనూ మీద రంగు ఫోటోలు, ఐదారు భాషలు. మూడోది, అన్నీ దొరకడం. పిజ్జా, లజాన్యా, చేపలు, బర్గర్, ఇవన్నీ ఒకే కిచెన్‌లో అప్పటికప్పుడు వండుతున్నారంటే చాలావరకు ఫ్రీజర్లోంచి తీసి వేడి చేస్తున్నారని అర్థం. నాలుగోది, పొద్దున పదకొండు నుంచి రాత్రి దాకా ఆపకుండా భోజనం. ఇటలీ వాళ్ళు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర మధ్య తింటారు, రాత్రి ఏడున్నర, ఎనిమిది దాటాకే కూర్చుంటారు. మధ్యలో మంచి ట్రత్తోరియా తలుపు మూసి ఉంటుంది. వంటవాళ్ళు కూడా తిని, నడుం వాల్చాలి కదా. సాయంత్రం ఐదింటికి పాస్తా పెట్టే హోటల్ చాలావరకు ఆ ఊరివాళ్ళ కోసం తెరిచింది కాదు.

ఇక బిల్లు. ఇది జాగ్రత్తగా చదవండి, ఎవరైనా మనవాళ్ళు రేపు ఉద్యోగం మీద వెళ్తే పనికొస్తుంది. కోపెర్తో అని మనిషికి ఒకటి నుంచి మూడు యూరోల దాకా వేస్తారు. యూరో అంటే మన లెక్కలో వంద రూపాయలకు అటూ ఇటూ. కూర్చున్నందుకు, బల్ల మీద గుడ్డకు, రొట్టెకు అన్నమాట. ఇది మోసం కాదు, అక్కడి పాత పద్ధతి, కాకపోతే మెనూలో రాసి ఉండాలి. రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతంలో 2006లో చేసిన చట్టం కోపెర్తో వసూలు చేయకూడదని చెప్పింది. రొట్టె పెడితే రొట్టెకు వేసుకోవచ్చు, వద్దంటే తీసుకెళ్ళిపోవాలి. సెర్విత్సియో అని బిల్లులో ఉంటే అది సర్వీసు ఛార్జి, దాని మీద మళ్ళీ టిప్పు ఇవ్వక్కర్లేదు. చేపకి మెనూలో రాసిన ధర చాలాసార్లు మొత్తం చేపది కాదు, ఒక ఎత్తోది. ఎత్తో అంటే వంద గ్రాములు. ఎనిమిది యూరోలే అనుకుని కిలో చేప చెబితే ఎనభై అవుతుంది. అందుకే వండకముందే తూకం, ధర అడగాలి. మన సంతలో కోడిని చేత్తో ఎత్తి చూడకుండా కొంటామా?

2018 జనవరిలో వెనిస్‌లో నలుగురు జపాన్ విద్యార్థులు సెయింట్ మార్క్స్ చౌకు దగ్గర మాంసం ముక్కలు, వేయించిన చేపలు తిని నీళ్ళు తాగినందుకు దాదాపు 1,100 యూరోల బిల్లు వచ్చింది. విషయం మేయరు దాకా వెళ్ళి ప్రపంచమంతా పేపర్లలో పడింది. వాళ్ళూ మనలాగా విద్యార్థులే. అది చదివినప్పుడు మాకు నవ్వు రాలేదు.

కాఫీ సంగతి కూడా చెప్పాలి. ఇటలీలో బార్ అంటే కాఫీ కొట్టు. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర. పెద్ద చౌకుల్లో ఆ తేడా మూడు నాలుగింతలు కూడా ఉంటుంది. ఊరివాళ్ళు నిలబడే తాగేసి పోతారు. ఇంకో మాట, మన దేశపు కాఫీ గింజలు ఎక్కువగా కొనేది ఇటలీయే. మన అరకు అరబికాకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది గానీ ఇటలీకి పోయేది ఎక్కువగా కర్ణాటక, కేరళ రొబస్టా. ఎస్ప్రెస్సో మీద నురగ చిక్కగా రావడానికి అది కలుపుతారు. రోమ్‌లో నిలబడి అసలైన ఇటలీ కాఫీ అని తాగుతున్న కప్పులో మన దేశపు కూలీ చెయ్యి ఉండొచ్చన్నమాట. నీళ్ళకైతే డబ్బు పెట్టనక్కర్లేదు. రోమ్ వీధుల్లో నసోనీ అని ఇనప కుళాయిలు రెండు వేలకు పైగా ఉన్నాయి, మంచినీళ్ళే, సీసా నింపుకోవచ్చు.

ఇంతవరకు ఎక్కడ తినకూడదో చెప్పాం. ఎక్కడ తినాలన్నది కష్టమైన ప్రశ్న. వెతుకుతూ పోతే తెలిసింది ఏంటంటే, ఇటలీ భోజనం అని ఒకటి లేదు. ఊరికో భోజనం. రోమ్‌లో నాలుగు పాస్తాలు: కార్బొనారా, అమాత్రిచానా, గ్రీచా, కాచో ఎ పేపె. కార్బొనారాలో గుడ్డు, గొర్రెపాల జున్ను, పంది దవడ మాంసం, మిరియాలు తప్ప మీగడ వెయ్యరు. బొలోన్యా వెళ్ళి స్పగెట్టి బొలోనీస్ అడిగితే అక్కడ అది ఊరి వంట కాదు. వాళ్ళది తాల్యతెల్లె అనే వెడల్పు పాస్తాతో రగూ. ఆ రగూ ఎలా చెయ్యాలో 1982లో అక్కడి వాణిజ్య మండలిలో దస్తావేజులా నమోదు చేసుకున్నారు. పిజ్జా నేపుల్స్‌ది, ఆ పిజ్జా చేసే కళని యునెస్కో 2017లో గుర్తించింది. వెనిస్‌లో బాకరో అనే చిన్న కొట్లలో చికెత్తి అని చిన్న చిన్న తినుబండారాలు, నిలబడి తింటారు. కాబట్టి రోమ్‌లో పిజ్జా నుంచి రగూ దాకా అన్ని ఊళ్ళ వంటలూ పెట్టే హోటల్ ఏ ఊరిదీ కాదు.

కాలం కూడా చూడాలి. రోమ్‌లో ఆర్టిచోక్ అనే మొగ్గ కూర చలికాలం చివర నుంచి వసంతం దాకా. ఆగస్టులో తాజా ఆర్టిచోక్ అని పెడితే అనుమానించాలి, మనకి ఎండాకాలంలో తాజా వెదురు కొమ్ముల కూర అని ఎవరైనా పెట్టినట్టే. రోజు కూడా చూడాలి. పాత రోమ్ లెక్కలో గురువారం బంగాళదుంప న్యోకీ, శుక్రవారం చేప, శనివారం ఆవు పొట్ట కూర. ఇప్పటికీ కొన్ని ట్రత్తోరియాలు ఆ వారాలు పాటిస్తాయి. చేత్తో రాసిన, రోజూ మారే చిన్న మెనూ కనబడితే లోపలికి వెళ్ళొచ్చు.

పొట్ట కూర అన్నాం కదా. ఇక్కడ మేం ఆగిపోయాం. రోమ్‌లో టెస్టాచ్చో అనే పేట ఉంది. 1890ల నుంచి 1975 దాకా అక్కడ ఊరికంతటికీ మాంసం కోసే పెద్ద కబేళా నడిచింది. మంచి ముక్కలు పెద్దవాళ్ళకి, ఆ తరవాతవి వాళ్ళ కిందివాళ్ళకి పోగా మిగిలిన తోక, పేగులు, పొట్ట, గుండె, కాలేయం కూలీలకి. కూలి డబ్బుతో పాటు అవే ఇచ్చేవాళ్ళు. దాన్ని ఐదో పావు అంటారు. నాలుగు పావులూ అమ్ముడుపోయాక మిగిలిన పావు. ఆ కూలీల ఇళ్ళ ఆడవాళ్ళు ఆ తోకని గంటలకొద్దీ టమాటా, సెలరీ వేసి ఉడికించారు. పేటలో ఒస్తెరియాలు ఆ వంటే పెట్టాయి. ఇవాళ అసలైన రోమ్ భోజనం ఎక్కడ అని అడిగితే తెలిసినవాళ్ళు టెస్టాచ్చో పేరే చెబుతారు.

ఫ్లారెన్స్‌లో బండి మీద అమ్మే లాంప్రెదొత్తో ఆవు నాలుగో పొట్ట. రిబొల్లీతా అంటే మళ్ళీ కాచింది అని. నిన్నటి కూరగాయల చారులో ఎండిన రొట్టె వేసి తిరగకాస్తారు, మన చద్దికి చుట్టం. ఉత్తరాన పొలెంతా అంటే మొక్కజొన్న పిండి జావ. ఒకప్పుడు అక్కడి బీద రైతులు ఏడాది పొడుగునా అదొక్కటే తిని పెల్లాగ్రా అనే జబ్బు పాలయ్యారు. ఇప్పుడు అదే పొలెంతా మంచి హోటల్లో పింగాణీ పళ్ళెంలో వస్తోంది.

మా గదిలో ఆ రాత్రి చాలాసేపు దీని మీదే మాటలు. ఇంటి నుంచి వచ్చేటప్పుడు మాలో ఒకడికి వాళ్ళమ్మ సీసాలో చోడి అంబలి పోసిచ్చింది. బస్సులో దాన్ని సంచిలో అడుక్కి తోసుకుని తెచ్చాడు, ఎవరైనా చూస్తారని. హాస్టల్ కొత్తలో సామ అన్నం మాట ఎత్తితే పక్క బ్రాంచి వాళ్ళు అదేదో పిట్టల మేత అన్నట్టు చూశారు. ఇప్పుడు బీచ్ రోడ్డులో అదే చోడి పిండి రాగి మాల్ట్ అని గ్లాసుల్లో అమ్ముతున్నారు. టెస్టాచ్చో కూలీల పిల్లలు కూడా ఒకప్పుడు ఇలాగే డబ్బా మూత తియ్యడానికి సిగ్గుపడి ఉంటారా? పుస్తకాల్లో ఆ ముక్క దొరకలేదు. కానీ వాళ్ళ తిండికి పేరు వచ్చేసరికి ఆ పేరు ఆ పేటకే వచ్చింది. మన తిండికి పేరు వచ్చినప్పుడు ఎవరికి వస్తుంది?

అసలైనది అన్న మాటని కూడా మరీ నెత్తిన పెట్టుకోవద్దు. పార్మా యూనివర్సిటీలో అల్బెర్తో గ్రాంది అనే చరిత్ర ప్రొఫెసర్ 2018లో ఒక పుస్తకం రాశాడు. వెయ్యేళ్ళ సంప్రదాయం అని చెప్పుకునే ఇటలీ వంటల్లో చాలావి గత శతాబ్దంలో పుట్టినవేనని ఆయన వాదన. కార్బొనారానే తీసుకుంటే, రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికా సైనికులు తెచ్చిన బేకన్, గుడ్ల పొడి వల్ల వచ్చిందని చాలామంది అంటారు. ఇటలీలో దీని మీద పెద్ద గొడవే అయింది. మాకు అంతకన్నా పెద్దగా కనిపించింది టమాటా. టమాటా, మొక్కజొన్న, బంగాళదుంప, మిరపకాయ, ఇవేవీ 1492కి ముందు యూరప్‌లో లేవు. వాటిని వేల ఏళ్ళు సాగుచేసి, విత్తనం ఎంచి పెంచింది అమెరికా ఖండాల ఆదివాసులు. వాళ్ళ భూములు పోయాయి, లక్షలమంది చచ్చిపోయారు, వాళ్ళ విత్తనం మాత్రం ఓడెక్కి వచ్చింది. ఇవాళ పిజ్జా మీద ఎర్రగా ఉన్నది ఆ విత్తనమే. మన కూరలో కారం కూడా ఆ విత్తనమే. ఇది క్లాసులో చెప్పినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మరి అసలైనది అంటే ఏంటి? మేం తేల్చుకున్నది ఇది. పాతదా కొత్తదా అన్నది కాదు. వండినవాళ్ళు అదే తింటారా, పక్కింటివాళ్ళు వచ్చి తింటారా, డబ్బు ఎవరి చేతికి పోతోంది, ఈ మూడే.

ఇటలీ దక్షిణాన బారీ అనే ఊళ్ళో, పాత పేటలో ఆడవాళ్ళు ఇంటి ముందు బల్ల వేసుకుని ఒరెకియెత్తె చేస్తారు. చిన్న చెవుల్లా ఉండే పాస్తా. పిండి ముక్కని కత్తితో లాగి బొటనవేలితో తిప్పేస్తారు. టూరిస్టులు ఫోటోలు తీసుకుంటారు, సంచీల్లో కొనుక్కుంటారు. 2019లో ఒక హోటల్లో లేబుల్ లేని ఇలాంటి పాస్తా దొరికిందని అధికారులు జరిమానా వేశారు. ఈ మధ్య అక్కడ కూడా కొందరు ఫ్యాక్టరీ పాస్తాని చేతిదని అమ్ముతున్నారని ఆరోపణలు వచ్చాయి. అంటే ఉచ్చు వాళ్ళ గడప దాకా వచ్చింది. అయినా ఒక తేడా ఉంది. ఆ గడప వాళ్ళది, బల్ల వాళ్ళది, డబ్బు వాళ్ళ కొంగులోకే.

మన దగ్గర ఎలా ఉందో మీకు తెలుసు. పోయిన సీజన్‌లో మాలో ఇద్దరు శని, ఆదివారాలు ఒక రిసార్టులో పనికి వెళ్ళారు. రోజుకి ఏడు వందలు, చెల్లి ఫీజుకి కావాలి. గేటు దగ్గర మన చీరకట్టుతో నిలబడి పూలు ఇవ్వడం, డప్పు వాయించడం పని. గోడ మీద అసలైన గిరిజన భోజనం అని పెద్ద బోర్డు. లోపల బటర్ నాన్, గోబీ మంచూరియా, రంగు వేసిన బొంగులో చికెన్. వంటవాళ్ళలో మన ఏజెన్సీ మనిషి ఒక్కడూ లేడు. మీరు ఇంట్లో రోజూ ఇవే తింటారా అని అతిథులు అడిగితే అవునని చెప్పాలని మావాళ్ళకి ముందే చెప్పి ఉంచారు. అమ్మాయి అవునని చెప్పలేదు, నవ్వి ఊరుకుంది. పనికి పోవడం తప్పని మేం అనడం లేదు. రేపు సీజన్ వస్తే మళ్ళీ పోవాల్సి రావచ్చు. కానీ 1/70 చట్టం ఉన్న నేల మీద, మన పేరు బోర్డు మీదా, మన ఒంటి మీదా ఉండి, గల్లాపెట్టెలో లేకపోవడం ఏంటని అడగాలి కదా.

బొంగులో చికెన్ నిజం సంగతి కూడా చెప్పుకుందాం. మన ఇళ్ళలో అది రోజువారీ కూర కాదు. పొలానికో అడవికో పోయినప్పుడు, గిన్నె లేనిచోట, లేత పచ్చి బొంగు నరికి, ఉప్పు, పసుపు, కారం పట్టించిన మాంసం కూరి, ఆకుతో మూతి బిగించి మంట మీద పెట్టేది. రోడ్డు పక్క బండ్లలో మనవాళ్ళు నడిపేవి చాలానే ఉన్నాయి, వాటి దగ్గర కొనమనే చెబుతాం. కానీ మన రోజువారీ తిండి, అంటే చోడి అంబలి, సామ అన్నం, కందిపప్పు, వెదురు కొమ్ములు, ఆకుకూరలు, ఇవి ఏ బోర్డు మీదా లేవు.

ప్రాజెక్టు చివర్లో ఆ కుటుంబానికి మేం ఇచ్చిన సలహాలు ఇవీ:

1. చూసే చోటు వేరు, తినే చోటు వేరు. పెద్ద కట్టడం నుంచి పది పదిహేను నిమిషాలు ఊరి లోపలికి నడవండి.
2. పిలిచేవాడు ఉంటే ఆగకండి.
3. మెనూ ఒక పేజీ, ఇటాలియన్‌లో, చేత్తో రాసి ఉంటే మంచి గుర్తు.
4. ఊరివాళ్ళు తినే వేళకే ఆకలి దాచుకోండి. మధ్యాహ్నం పనివాళ్ళు నిండిన చోట కూర్చోండి.
5. ఏ ఊళ్ళో ఆ ఊరి వంటే అడగండి.
6. కోపెర్తో, సెర్విత్సియో, ఎత్తో, ఈ మూడు మాటలు నేర్చుకుని వెళ్ళండి.
7. ఇంట్లో శాకాహారులు ఉంటే ముందే అడగండి. పెకొరీనో, పార్మెజాన్ లాంటి జున్నుల తయారీలో దూడ, గొర్రెపిల్లల పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు. చాలామందికి తెలీదు.
8. నచ్చితే రెండోరోజు మళ్ళీ వెళ్ళండి. రెండోసారి వెళ్ళిన మనిషికి పెట్టే అన్నమే వేరు.

ఈ చివరిది మా ఓడ అన్న చెప్పింది. చివితవెక్కియా రేవు దగ్గర సరుకు దింపే కూలీలు తినే చిన్న కొట్టు ఒకటుందట. మూడోసారి వెళ్ళేసరికి ఆయన అడగకుండానే పప్పు గింజల చారు తెచ్చి పెట్టారట. భాష రాదు, పేరు తెలీదు. ఇంట్లో తిన్నట్టుందిరా అన్నాడు.

ప్రెజెంటేషన్ రోజు అంతా బాగానే నడిచింది. చివర్లో సార్ ఒక్క ప్రశ్న అడిగారు: "ఇవే సూత్రాలతో మీ అరకు వస్తే మేం ఎక్కడ కూర్చుని మీ ఇంటి భోజనం తినాలి?" ఆరుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. సంత చెప్పగలం. ఫలానా అక్క బొంగు బండి చెప్పగలం. కూర్చుని సామ అన్నం తినే ఒక చోటు, మనవాళ్ళది, పేరు పెట్టి చెప్పడానికి మాలో ఎవరికీ తట్టలేదు. రోమ్‌లో పేట పేరు చెప్పగలిగాం, మన ఊళ్ళో చెప్పలేకపోయాం. ఆ రోజు నుంచి ఇది మమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు.

అందుకని ఒక ఆలోచన. వచ్చే సీజన్‌లో, మాలో ఒకరి ఊళ్ళో, ఒక ఇంటి అరుగు మీద, ఆదివారం మధ్యాహ్నం ఒక్క పూట ఇరవైమందికి భోజనం. ఆ వారం ఇంట్లో వాళ్ళు ఏం తింటారో అదే. అడ్డాకుల విస్తరి, పలక మీద ధర, చీరకట్టు ఫోటోలు లేవు, డప్పు లేదు. ఊరి పేరు ఇప్పుడే చెప్పం, గ్రామసభలో మాట తేలాలి. చిన్న తిండి వ్యాపారానికి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఖర్చు తక్కువే, ఆన్‌లైన్‌లో అయిపోతుంది, ఇది మీకూ పనికొస్తుంది. నీళ్ళు, మరుగుదొడ్డి, చెత్త, ఈ మూడింటికీ దారి చూడాలి. ఆ ఇంటి అవ్వ ఒకటే అంటోంది, "మన తిండికి డబ్బులెవరిస్తార్రా, వాళ్ళకి కోడి కావాలి గానీ" అని. ఆమెకి టెస్టాచ్చో తోక కూర కథ చెప్పాం. నమ్మలేదు. ఆవు తోకకి డబ్బులిచ్చేవాళ్ళుంటే సామ అన్నానికి ఎందుకివ్వరు అని మాత్రం తరవాత తనే అంది.

ఇందులో నష్టపోవచ్చు. మొదటి నెల ఎవరూ రాకపోవచ్చు. పెట్టుబడి కూడా మా స్కాలర్‌షిప్‌లో మిగిల్చిందే, ఎక్కువ లేదు. హోమ్‌స్టే, చిన్న హోటల్ నడిపిన అనుభవం ఉన్న అన్నలు, అక్కలు ఉంటే కింద రాయండి. ఐటీడీఏ నుంచి ఏదైనా సాయం తీసుకున్నవాళ్ళుంటే ఎలా తీసుకున్నారో చెప్పండి. మిగతావాళ్ళు ఒక్క పని చెయ్యండి. మీ ఇంట్లో ఈ వారం ఏం వండారో, ఏ ఆకు, ఏ గింజ, ఎవరు వండారో రాయండి. పలక మీద రాయడానికి మాకు పేర్లు కావాలి.